గుంట లెక్కలో ఘాతాంకం, కుండలీకరణం

బీజీయ సమాసాన్ని సూక్ష్మీకరించడమంటే విలువ మారకుండా దాని రూపాన్ని కుదించడం. అక్షరం స్థానంలో ఏ సంఖ్య పెట్టినా మొదటి రూపానికీ చివరి రూపానికీ ఒకే జవాబు రావాలి. ఘాతాంకాలు, కుండలీకరణాలు కలిసి వచ్చినప్పుడు తప్పులు ఎక్కువగా రెండు విషయాల్లో దొర్లుతాయి: ఘాతాంకం ఎంతమేరకు వర్తిస్తుందన్నది ఒకటి, కుండలీకరణం ముందున్న మైనస్ గుర్తు రెండోది. నిజామాబాద్, బోధన్ వైపు పొలాలు కొలిచే గుంటతోనే ఈ రెండూ తేలిపోతాయి.

గుంట అంటే 121 చదరపు గజాలు. భుజం 11 గజాలుండే చతురస్రం వైశాల్యం సరిగ్గా అంతే, 11². 40 గుంటలైతే ఎకరం, 4,840 చదరపు గజాలు. చతురస్రాకారపు పొలం భుజం 11య గజాలనుకుంటే వైశాల్యం (11య)². కుండలీకరణం పొలం గట్టు లాంటిది. లోపలున్న ప్రతి కారణాంకానికీ ఘాతాంకం అందుతుంది. కనుక (11య)² = 121య² చదరపు గజాలు, అంటే య² గుంటలు. కుండలీకరణం మరచి 11య² అని రాస్తే వర్గం య ఒక్కదానికే దక్కుతుంది. య = 10 అయితే రెండున్నర ఎకరాల పొలం కాస్తా తొమ్మిది గుంటల చిల్లరకు పడిపోతుంది.

ఘాతాంకం కింద ఉండే ఆధారం (భూమి) ఒకటే అయినప్పుడు గుణకారంలో ఘాతాంకాలను కూడాలి: య² × య³ = య⁵. ఘాతానికి ఘాతం వస్తే ఘాతాంకాలను గుణించాలి: (య²)³ = య⁶. య² + య³ మాత్రం కలవదు. అవి విజాతి పదాలు.

కుండలీకరణంలో కూడిక ఉంటే ఘాతాంకాన్ని పదాలకు విడివిడిగా పంచకూడదు. (య + 2)² అంటే (య + 2)(య + 2), అంటే య² + 4య + 4. భాగాల వర్గాలకు వాటి లబ్ధాన్ని రెండింతలు చేసి కలపాలన్న ఈ సూత్రం 9వ శతాబ్దిలోనే మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో ఉంది. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు చేశాడు.

నిజాంసాగర్ కాలువ కింద (య + 2)² గుంటల పొలం ఉందనుకుందాం. అందులో ఒక్కొక్కటి (య − 3) గుంటలుండే రెండు మడుల్లో పసుపు వేస్తే చెరకుకు మిగిలేది:

(య + 2)² − 2(య − 3)

మొదట ఘాతాన్ని విస్తరించాలి: య² + 4య + 4. తర్వాత విభాగ న్యాయం ప్రకారం −2తో లోపలి రెండు పదాలనూ గుణించాలి: −2య + 6. మైనస్, మైనస్ కలిసి ప్లస్ అయ్యాయి. చివరగా సజాతి పదాలను కలిపితే య² + 2య + 10 వస్తుంది.

య = 10 పెట్టి సరిచూస్తే మొదటి రూపం 144 − 14 = 130; చివరి రూపం 100 + 20 + 10 = 130. చెరకు 3 ఎకరాల 10 గుంటలు. +6కు బదులు −6 రాస్తే 118 వచ్చి, 12 గుంటలు తగ్గిపోయేవి. ఒక సంఖ్యతో జవాబులు కలిసినంత మాత్రాన సూక్ష్మీకరణ రుజువైనట్టు కాదు. తేడా వస్తే మాత్రం ఎక్కడో తప్పు జరిగినట్టే.