మూడు పట్లు, ఒక విడుపు

కుస్తీ అనగానే మనకి గుర్తొచ్చేది బలం. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంపేవారని చిన్నప్పుడే విన్నాం. అందుకే ఆయన్ని కలియుగ భీముడన్నారు. ఆ కుస్తీలో గెలుపంటే అవతలివాడి వీపు నేలకి ఆనించడం, అంటే చిత్తు చెయ్యడం.

నేను నేర్చుకుంటున్న బ్రెజిలియన్ జుజుత్సులో లెక్క వేరు. వీపు నేలకి తగిలినా ఆట అయిపోదు. అవతలివాడు చేత్తో టపటపా తట్టాలి. దాన్ని ట్యాప్ అంటారు. "చాలు, వదిలెయ్" అని దానర్థం. అలా తట్టించే దారుల్లో ఒకటి కీలుపట్టు, అంటే జాయింట్ లాక్. 55 కిలోల నాలాంటివాడు 80 కిలోలవాణ్ణి తట్టించడం ఎలా కుదురుతుంది?

జవాబు ఆటోనగర్‌లో ఏ లారీ షెడ్డులోనైనా దొరుకుతుంది. వీల్ నట్ బిగుసుకుపోతే మెకానిక్ ఇంకో నలుగుర్ని పిలవడు. పానాకి పొడుగాటి పైపు తొడిగి, కొసన పట్టుకుని నొక్కుతాడు. ఫస్టియర్‌లో మనం రాసిందే: టార్క్ అంటే బలం ఇంటూ దూరం. ఇక్కడ అవతలివాడి ఎముక పానా, కీలు నట్టు. మోచేతికి 12 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 40 కిలోల బలం పెట్టాల్సిన చోట, 24 సెంటీమీటర్ల దూరంలో మణికట్టు దగ్గర పట్టుకుంటే 20 కిలోలు చాలు. పైగా వాడి వైపు ఉన్నది ఒక్క చెయ్యి. నా వైపు కాళ్లు, నడుము, వీపు అన్నీ ఉన్నాయి.

ఇక నాకిష్టమైన మూడు.

మొదటిది ఆర్మ్‌బార్. మోచెయ్యి తలుపు బందు లాంటిది, ఒక్కవైపుకే మడుస్తుంది. వాడి చేతిని నా తొడల మధ్య ఇరికించి, మణికట్టుని ఛాతీకి హత్తుకుని, నడుము పైకెత్తుతాను. మోచేతి కింద నా నడుమే ఆనిక. 2015 ఫిబ్రవరి 28న యూఎఫ్‌సీలో రోండా రౌసీ ఈ పట్టుతోనే 14 సెకన్లలో గెలిచింది.

రెండోది కిమురా. మోచెయ్యి వంచి, ఒక చేత్తో వాడి మణికట్టు పట్టుకుని, రెండో చేతిని వాడి జబ్బ మీదుగా చుట్టి నా మణికట్టునే పట్టుకుంటాను. ఇప్పుడు వాడి ముంజెయ్యి పానా, భుజం నట్టు. 1951 అక్టోబరు 23న రియోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు మసాహికో కిమురా ఈ పట్టు వేస్తే, హీలియో గ్రేసీ చెయ్యి విరిగినా తట్టలేదు. చివరికి ఆయన అన్న కార్లోస్ ఆట ఆపించాడు. జూడోలో ఈ పట్టు పేరు ఉదె గరామి. బ్రెజిల్‌వాళ్లు మాత్రం తమని ఓడించినవాడి పేరే దానికి పెట్టుకున్నారు. అదీ గౌరవం!

మూడోది హీల్ హుక్. కాలు కదలకుండా కాళ్లతో బిగించి, మడమ పట్టుకుని తిప్పడం. తిరిగేది మడమ, దెబ్బ మోకాలికి. మోచెయ్యి నొప్పితో ముందే హెచ్చరిస్తుంది. మోకాలు చాలాసార్లు అది కూడా చెయ్యదు. నొప్పి తెలిసేసరికే లిగమెంటు తెగిపోవచ్చు. అందుకే ఐబీజేజేఎఫ్ 2021లోగానీ దీన్ని అనుమతించలేదు. అదీ కిమోనో లేని పోటీల్లో, పెద్దవాళ్లలో బ్రౌన్, బ్లాక్ బెల్టులవాళ్లకే. నాకు చూడ్డానికిష్టం, పోటీలో వెయ్యడానికి అర్హత లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నట్టు స్టడ్ తెగితే ఆటోనగర్‌లో పది నిమిషాల్లో కొత్తది దొరుకుతుంది. మోకాల్లో ఏసీఎల్ తెగితే స్పేర్ పార్ట్ ఉండదు. సాధారణంగా మన ఒంట్లోంచే ఇంకో స్నాయువు తీసి అమర్చాలి, మళ్లీ ఆటకి రావడానికి నెలలు పడుతుంది.

నాతో ప్రాక్టీస్ చేసే అన్న పగలు లారీ షెడ్డులో పనిచేస్తాడు. ఆయన మోచెయ్యి నా తొడల మధ్య ఉన్నప్పుడు నా దగ్గరున్నది ఆయన రేపటి కూలి. ఆయన తట్టగానే వదులుతానన్న నమ్మకంతోనే ఆ చెయ్యి నాకిస్తున్నాడు. ఆ నమ్మకం లేకపోతే రెండోరోజు ప్రాక్టీసుకి ఎవరూ రారు, పట్టు నేర్చుకోవడానికి చెయ్యే దొరకదు. అందుకే పట్టు మెల్లగా బిగించాలి, తట్టగానే ఆ క్షణమే వదలాలి. చిక్కినవాడు కూడా పంతానికి పోకుండా, కీలు చివరిదాకా రాకముందే తట్టాలి.

పట్టూ విడుపూ ఉండాలి అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఉడుంపట్టు పట్టడం ఆరునెలల్లో వస్తుంది. విడుపు మొదటిరోజే రావాలి. ఎప్పుడైనా నేర్చుకోడానికి వెళ్తే, అక్కడ ముందు ఏది నేర్పుతున్నారో చూసి చేరండి.