స్టేజీ లైటు వెలగకపోతే... స్విచ్ మీద నుంచి చెయ్యి తీయండి



వార్షికోత్సవాల సీజన్ వచ్చేసింది. డ్యాన్స్ రిహార్సల్స్, నాటకాల ప్రాక్టీసు జోరుగా సాగుతున్నాయి. పై తరగతుల పిల్లలు కొందరు వేదిక వెనుక లైటింగ్ వాళ్లకు సాయంగా ఉంటారు. వాళ్లకు ఎదురయ్యే ఒక చిక్కు గురించి ఈ నెల మాట్లాడుకుందాం.

తల తిప్పుతూ ఆకాశంలోకి సన్నటి వెలుగు చిమ్మే లైట్లను మీరు పెళ్లిళ్లలో చూసే ఉంటారు. మనవాళ్లు వాటిని షార్పీ అంటారు. ఒక్కోసారి ఆ లైటు తల తిరుగుతుంది, ఫ్యాన్ మోగుతుంది, వెలుగు మాత్రం రాదు. కార్యక్రమం మొదలయ్యే వేళ కదా, కంగారులో ఎవరో ఒకరు స్విచ్ ఆపి, వేసి, మళ్లీ ఆపి, మళ్లీ వేస్తారు. సరిగ్గా చేయకూడని పని అదే. ఎందుకో తెలియాలంటే ఆ దీపం ఎలా వెలుగుతుందో చూడాలి.

ట్యూబ్‌లైటుకు దగ్గరి చుట్టం

ఈ రకం దీపంలో మామూలు బల్బులో ఉండే తీగ ఉండదు. చిన్న క్వార్ట్జ్ గాజు బుడ్డిలో రెండు టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య కొద్దిపాటి ఖాళీ, లోపల పాదరసం, కాస్త వాయువు ఉంటాయి. మన 230 వోల్టుల కరెంటు ఆ ఖాళీని దానంతట అది దాటలేదు. అందుకే ఇగ్నైటర్ అనే భాగం కొన్ని వేల వోల్టుల పల్స్‌లను పంపిస్తుంది. దాంతో వాయువు అయనీకరణం చెంది, కరెంటుకు దారి ఏర్పడి, ఆర్క్ వెలుగుతుంది. వెలిగాక అంత వోల్టేజి అక్కర్లేదు. అక్కడి నుంచి కరెంటు అదుపు తప్పకుండా చూసేది బ్యాలస్ట్. పాత ట్యూబ్‌లైట్లలో స్టార్టరు, చోకు కలిసి చేసే పని దాదాపు ఇదే.

దీపం వేడెక్కినప్పుడు పాదరసం ఆవిరై, లోపలి పీడనం బాగా పెరుగుతుంది. ఆ పీడనంలో ఇగ్నైటర్ పల్స్ ఖాళీని దాటలేదు. కరెంటు పోయి వచ్చాక వీధిలోని పాత సోడియం దీపాలు కొన్ని నిమిషాల పాటు వెలగకపోవడానికి కారణమూ ఇదే. వేడి దీపానికి పదే పదే స్విచ్ వేస్తే అది వెలగదు సరికదా, ఎలక్ట్రోడ్లు, ఇగ్నైటర్ త్వరగా పాడవుతాయి.

వరుసగా చూడాల్సినవి

1. దీపం నిజంగా వెలగలేదా? లోపల వెలుగుతున్నా షటర్ మూసి ఉంటేనో, కంట్రోల్ బోర్డులో డిమ్మర్ సున్నాలో ఉంటేనో వెలుగు బయటికి రాదు. పక్కనున్న గాలి రంధ్రాల్లో వెలుతురు కనిపిస్తే దీపం బాగున్నట్టే. లెన్సులోకి మాత్రం నేరుగా చూడకూడదు.

2. వెలగమని ఆదేశం వెళ్లిందా? చాలా లైట్లలో కరెంటు ఇవ్వగానే దీపం వెలగదు. బోర్డు నుంచో, లైటు మీదున్న మెనూ నుంచో విడిగా ఆన్ చేయాలి. డిస్‌ప్లేలో ఎర్రర్ మెసేజ్ ఉంటే రాసిపెట్టుకోవాలి.

3. ఇప్పుడే ఆర్పారా? అయితే లైటుకు కరెంటు ఉంచి, ఫ్యాన్ తిరుగుతుండగా పది, పదిహేను నిమిషాలు చల్లారనివ్వాలి. ఎక్కువగా దొరికే పరిష్కారం ఈ ఎదురుచూపే.

4. వోల్టేజి సరిపోతోందా? జనరేటరు మీద నడిచేటప్పుడు, పొడవాటి సన్నటి కేబుల్ లాగినప్పుడు వోల్టేజి పడిపోతుంది. అన్ని లైట్లనూ ఒక్కసారే వెలిగించినా అంతే. కొన్ని సెకన్ల తేడాతో ఒక్కొక్కటిగా వెలిగించాలి.

5. శబ్దం వస్తోందా? టిక్ టిక్‌మని వినిపించి వెలుగు రాకపోతే ఇగ్నైటర్ ప్రయత్నిస్తున్నట్టు. అప్పుడు దీపం అరిగిపోయిందని అనుమానించాలి. శబ్దమే లేకపోతే ఆదేశం అందకపోవడమో, వేడి వల్ల రక్షణ స్విచ్ ఆపేయడమో, ఇగ్నైటర్ వైపు లోపమో కావచ్చు.

పిల్లల పని ఇక్కడితో సరి

మూత తెరవాల్సి వస్తే అది టెక్నీషియన్ పని మాత్రమే. వోల్టేజి కొలవడం కూడా ఆయనే చేయాలి. ఆయన ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక, మూత దగ్గరి రక్షణ స్విచ్ సరిగా నొక్కుకుందో లేదో చూస్తారు. దీపం ఎన్ని గంటలు వాడారో, గాజు నల్లబడిందా, ఉబ్బిందా అని చూస్తారు. అదే రకం మంచి దీపాన్ని వేసి చూస్తారు. అది వెలిగితే లోపం పాత దీపానిది. వెలగకపోతే ఇగ్నైటర్, బ్యాలస్ట్, వైర్లలో వెతకాలి. క్వార్ట్జ్ గాజును ఉత్త చేతులతో తాకరు. వేలిముద్రల జిడ్డు ఉన్నచోట గాజు దెబ్బతింటుంది.

ఈ నియమం ఎందుకంటే, లోపల వేల వోల్టులు ఉంటాయి. మూత లేకుండా వెలిగిన దీపం నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటికీ చర్మానికీ హాని చేస్తాయి. వేడి మీదున్న దీపం పగిలితే గాజు ముక్కలు ఎగురుతాయి, పాదరసం ఆవిరి బయటికి వస్తుంది. అలా పగిలితే మెయిన్ ఆపి, పిల్లల్ని దూరంగా తీసుకెళ్లి, తలుపులు, కిటికీలు తెరవాలి.

మీ ఇంట్లో ఈ నెల

టీవీ రిమోట్ పనిచేయనప్పుడు మీరు వెంటనే బాగుచేయకండి. "ఏం జరుగుతోంది? ఏం జరగడం లేదు? ముందు దేన్ని చూద్దాం?" అని మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి. ఒకసారికి ఒక్కటే మార్చమనండి. బ్యాటరీలూ మార్చి, టీవీ ప్లగ్గూ తీసి పెడితే అది పనిచేస్తుంది కానీ లోపం ఎక్కడుందో తెలియదు. ప్లగ్గులు, వైర్ల జోలికి మాత్రం మీరు పక్కనుంటేనే వెళ్లాలి.

వేదిక ఎక్కే పిల్లలకూ ఒక మాట చెప్పండి. అనుకున్న లైటు రాకపోయినా స్టెప్ ఆపకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. ముందున్న మామూలు లైట్లు చాలు. రిహార్సల్‌లో ఒక్కసారైనా రంగుల లైట్లు లేకుండా చేయించమని మీ పిల్లల డ్యాన్స్ టీచర్‌ను అడగండి. ఆ అలవాటు ఉంటే, దీపం చల్లారే ఆ పది నిమిషాల్లో పాట ఆగదు, పాప బెదరదు.