పి0171 (ఇంజను హెచ్చరిక సంకేతం)

పి0171 అనేది పెట్రోలు కారు ఇంజనుకు అందే ఇంధనం-గాలి మిశ్రమంలో ఇంధనం పాలు తక్కువైందని ఇంజను కంప్యూటరు నమోదు చేసే సంకేతం. ఇంధనం ఎక్కువైతే నమోదయ్యేది పి0172. ఇవి ఓబీడీ-2 ప్రమాణంలోని సంకేతాలు. అమెరికాలో 1996 మోడలు కార్ల నుండి ఈ ప్రమాణం తప్పనిసరి అయింది.

పనిచేసే విధానం

పెట్రోలు పూర్తిగా మండడానికి, బరువును బట్టి, ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి అవసరం. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు ఇచ్చే సమాచారాన్ని బట్టి కంప్యూటరు ఇంధనాన్ని హెచ్చిస్తూ, తగ్గిస్తూ ఉంటుంది. ఈ సవరణను ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ఎంత హెచ్చించినా కొరత తీరక సవరణ హద్దు మీరినపుడు పి0171 నమోదై, హెచ్చరిక దీపం వెలుగుతుంది.

నిర్ధారణ

ఈ సంకేతం మిశ్రమం స్థితిని తెలుపుతుందే గాని, చెడిన భాగాన్ని చూపదు. కొరతను కనిపెట్టిన ఆక్సిజన్ సెన్సారునే దోషిగా ఎంచి మార్చడం తరచు జరిగే పొరపాటు. సవరణ ఎప్పుడు ఎక్కువగా ఉందో ముందుగా స్కానరుతో చూడాలి.

* బండి నిలిచి ఇంజను నెమ్మదిగా తిరిగేటపుడు ఎక్కువగా ఉండి, ఇంజను వేగం పెంచగానే తగ్గితే, ఇన్‌టేక్ మానిఫోల్డు వద్ద గాని, వాక్యూమ్ గొట్టాలలో గాని గాలి చొరబడుతూ ఉండవచ్చు.
* వేగం, భారం పెరిగేకొద్దీ ఎక్కువైతే, ఇంధన పంపు బలహీనపడడం, ఫిల్టరు పూడుకుపోవడం, గాలిని కొలిచే సెన్సారుకు మురికి పట్టడం వంటివి కారణం కావచ్చు.

ఉపేక్షిస్తే

మిశ్రమం సరిగా అంటుకోక ఇంజను తడబడుతుంది. సిలిండరులో మండకుండా మిగిలిన పెట్రోలు కెటాలిటిక్ కన్వర్టరులో మండి, ఖరీదైన ఆ భాగాన్ని పాడుచేయగలదు.