క్రొత్త కండ్లజోడు

కన్ను చూచునని లోకమున వాడుక. కాని కన్ను తెచ్చిన వార్తను గ్రహించునది మెదడు. క్రొత్తగా కండ్లజోడు ధరించినవారికి ఈ సత్యము మొదటి దినముననే తెలియవచ్చును.

వరంగల్లునకు సమీపమున ధర్మసాగర్ గ్రామము గలదు. దేవాదుల ఎత్తిపోతల పథకము మూలమున గోదావరి నీరు అచ్చటి చెరువును చేరును. ఆ ప్రాంతమున నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్నప్పుడు, ఎనిమిదవ తరగతి బాలుడొకడు నల్లబల్లను చూడక ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాసికొనుచుండెడివాడు. సోమరియని తలచి వానిని పలుమారులు మందలించితిని. వానికి హ్రస్వదృష్టి కలదని కంటిపరీక్షలో తేలిన నాడు నా తొందరపాటునకు నేనే సిగ్గుపడితిని.

వానికి కండ్లజోడు వచ్చినది. రెండు దినములు ధరించి, మూడవనాడు దానిని సంచిలో దాచెను. కారణ మడుగగా, "సార్, నేల ఊగినట్లున్నది. చెరువుకట్ట దిగునప్పుడు అడుగు ఎక్కడ పడుచున్నదో తెలియుట లేదు. ఈ అద్దములు నాకు సరిపడవు" అనెను.

వాడు చెప్పినది అబద్ధము కాదు. హ్రస్వదృష్టి గలవారి కంటిలో దూరపు వస్తువుల ప్రతిబింబము రెటీనాకు ముందే ఏర్పడును. పుటాకార కటకము దానిని రెటీనాపై నిలుపును. కాని ఆ కటకమే వస్తువులను కొంచెము చిన్నవిగా చూపును. దాని అంచు నుండి చూచినచో మెట్టు తన చోటు తప్పినట్లు తోచును.

విద్యార్థులారా! ఒక చిన్న పరీక్ష చేయుడు. పుస్తకమును కదల్పక, తలను అటునిటు వేగముగా త్రిప్పుచు చదువుడు. అక్షరములు నిలకడగనే యుండును. పిదప తలను కదల్పక పుస్తకమును అంతే వేగముగా కదల్పుడు. అక్షరములు అలుకుకొనిపోవును. ఏల? తల కదలిన వార్తను లోచెవి మెదడునకు తెలుపగా, మెదడు వెంటనే కన్నులను ఎదురు దిక్కునకు అంతే కొలతగా త్రిప్పుచున్నది. క్రొత్త కటకముతో ఆ కొలత తప్పును. అందుచేతనే నేల ఊగినట్లుండును. మెదడు క్రొత్త కొలతను నేర్చుటకు కొన్ని దినములు పట్టును.

1890వ దశకమున జార్జి స్ట్రాటన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, లోకమును తలక్రిందులుగా చూపు కటకములను ఒక కంటికి అమర్చుకొని, రెండవ కంటిని మూసికొని 8 దినములు గడపెను. మొదట చేయి చాచినను వస్తువు అందలేదు. క్రమముగా తడబాటు తగ్గి పనులు సాగినవి. మెదడు ఇంతటి మార్పునకే అలవాటు పడగా, మన కండ్లజోడు ఎంత?

కావున అద్దములను మాటిమాటికి తీసివేయరాదు. తీసినకొలది నేర్పు ఆలస్యమగును. మెట్లు దిగునప్పుడు తల వంచి, కటకము నడుమ నుండి చూడవలెను. అలవాటగువరకు సైకిలు త్రొక్కరాదు. రెండు వారములు గడచినను తలనొప్పి తగ్గనిచో వైద్యుని చూడవలెను. కొలత తప్పియుండవచ్చును, కటకపు నడిమి భాగము కనుపాపకు ఎదురుగా లేకపోయి యుండవచ్చును. ఒక వస్తువు రెండుగా కనబడినచో అంతవరకు ఆగనే కూడదు.

మరియొక భేదము గలదు. 2018 ఆగస్టు 15న ప్రారంభమైన 'కంటి వెలుగు' కార్యక్రమమునను, 2023లో జరిగిన దాని రెండవ విడతయందును ఎందరో పెద్దలకు చదువు అద్దములు ఉచితముగా లభించినవి. వానితో నడచినచో దూరము మసకబారును. అది అలవాటుతో పోవునది కాదు. వానిని దగ్గరి పనికే ధరింపవలెను. మీ ఇంట అవ్వ గాని తాత గాని "అద్దములు పనికిరావు" అని పెట్టెలో పెట్టినచో, ఈ మాట వారికి తెలుపుడు.

ఆ బాలునికి ఇదంతయు వివరించి, మరల అద్దములు పెట్టించితిని. తోటివారు ఎగతాళి చేయకుండునట్లు తరగతికి కూడ చెప్పితిని. రెండు వారములలోపల ఒకనాడు వాడు చివరి బల్ల నుండి లేచి, నల్లబల్లపై నేను వ్రాసిన మాటలో దీర్ఘము తప్పినదని చూపెను. నా తప్పును దిద్దుకొనుచు నేనంతగా సంతోషించిన దినము మరియొకటి లేదు.