తొర్రపడిన వేపచెట్టు

విశాఖపట్నంలో మా ఇంటి పెరటిలో ఒక వేపచెట్టు వుండేది. ఇల్లు కట్టకముందే అది అక్కడ వున్నదని మా తాతగారు చెప్పేవారు. రొమ్ము ఎత్తున దాని మాను అడ్డుకొలత 60 సెంటీమీటర్లు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మా నగరం వద్దనే తీరాన్ని దాటినది. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగాన వీచినది. ఆ మధ్యాహ్నం మా చెట్టు వేళ్లతోసహా ఒరిగి ప్రహరీగోడమీద పడిపోయినది.

“తొర్రపడిన చెట్టు, ఏనాటికైనా పడక తప్పదు” అని ఇరుగుపొరుగువారు ఓదార్చారు. మేమూ అలాగే అనుకొన్నాము. కాని నాలుగైదు రోజుల తరువాత మానును రంపంతో కోయిస్తున్నప్పుడు చూస్తే, తొర్ర వున్నచోట అది చెక్కుచెదరలేదు. విరిగినది మరొకచోట. ఆ సంగతి చెప్పేముందు అసలు తొర్ర ఎలా ఏర్పడుతుందో చూద్దాము.

చెట్టు మానులో ప్రాణమున్న భాగం చాలా పలుచనిది. బెరడును ఆనుకొని ఆహారాన్ని కిందికి చేరవేసే పొర, దాని లోపల కొత్త కణాలను పుట్టించే సన్నని పొర, ఆ లోపల నీటిని పైకి తీసుకొనిపోయే రసదారువు వుంటవి. ఇంకా లోపలిదానిని వడ్రంగులు చేవ అంటారు. మనం ద్వారబంధాలకు కోరుకొనేది ఈ చేవనే. చెట్టుకు మాత్రం అది నిర్జీవమైన కర్ర. నీటిని మోయదు, కొత్తగా పెరగదు. ఎప్పుడో ఒక కొమ్మ గాలికి విరిగినప్పుడు ఆ గాయంగుండా శిలీంధ్రాల సిద్ధబీజాలు లోనికి చేరి, క్రమంగా ఆ కర్రను తిని మెత్తబరుస్తవి. చెదలు, పురుగులు, వడ్రంగిపిట్టలు తక్కిన పని పూర్తి చేస్తవి.

మన శరీరంమీది గాయం మానినట్లు చెట్టు గాయం మానదు. చెడిన కర్రను చెట్టు బాగుచేసుకోలేదు. దాని చుట్టూ అడ్డుగోడలు కట్టి, వెలుపల ఏటేటా కొత్త కర్ర పేర్చుకొంటూ పోతుంది. అమెరికా అటవీశాఖకు చెందిన అలెక్స్ షైగో వేలకొలది చెట్లను నిలువుగా కోయించి చూచి, 1977లో ఈ విషయాన్ని సూత్రీకరించాడు. కుళ్లు లోపలనే బందీ అయివుండగా వెలుపలి చెట్టు హాయిగా పూస్తుంది, కాస్తుంది.

మా చెట్టు తొర్రలు అట్టివే. ఒకటి మనిషి ఎత్తున, మరొకటి పన్నెండు అడుగుల ఎత్తున వుండేవి. పై తొర్రలో ఒక పైడికంటెల జంట కాపురం. పగలంతా ద్వారంలో కునుకుతూ, మనం చూస్తే తల పైకీ కిందికీ ఆడించి గుడ్లురిమేవి. ఈ చిన్న గుడ్లగూబ అరుపు అశుభమని మా నాయనమ్మ విసుక్కొనేది. మా వంటింట్లో ఎలుకలు తగ్గినది వాటి పుణ్యమేనని నేను వాదించేవాడిని. మరొక కొమ్మలో వడ్రంగిపిట్ట ఏనాడో తొలిచి వదిలిన రంధ్రాన్ని జనవరి, ఫిబ్రవరి నెలలలో రామచిలుకలు ముక్కుతో వెడల్పు చేసుకొని గుడ్లు పెట్టేవి. అవి పిల్లలతో వెళ్లిపోగానే అందులోనికి గోరువంకలు చేరేవి. ఎండిన కొమ్మల బెరడు కింద చిన్న గబ్బిలాలు దూరేవి. ఉడుతల సంగతి చెప్పనక్కరలేదు.

వీటిలో తొర్రను స్వయంగా తొలుచుకోగలవి వడ్రంగిపిట్ట, కంసాలిపిట్ట మాత్రమే. మిగిలినవన్నీ అద్దెకున్నవారివంటివి. ఇల్లు దొరకకపోతే ఆ ఏడు సంతానమే వుండదు.

తొర్ర చెట్టు బలాన్ని తగ్గించదా? విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. గుండ్రని కడ్డీని వంచినప్పుడు ఎక్కువ ఒత్తిడిని భరించేది వెలుపలి అంచు. నడిమి భాగం దాదాపు ఊరకనే వుంటుంది. సైకిలు చట్రాన్ని గొట్టాలతో చేయటంలోని కిటుకు ఇదే. తొర్ర అడ్డుకొలతను మాను అడ్డుకొలతతో భాగించి, వచ్చినదానిని నాలుగో ఘాతానికి హెచ్చిస్తే తగ్గిన బలం తెలుస్తుంది. 60 సెంటీమీటర్ల మానులో 30 సెంటీమీటర్ల తొర్ర వుంటే, అరలో నాలుగో ఘాతం పదహారోవంతు. అంటే నూటికి 6 వంతులు మాత్రమే నష్టం! తొర్ర 42 సెంటీమీటర్లయినా నూటికి 24 వంతులే. ఇది నాలుగువైపులా గోడ సరిగావున్న తొర్రకు వర్తించే లెక్క. ఒకవైపు బాగా తెరుచుకొన్న తొర్ర ఇంకా బలహీనం. మా చెట్టు తొర్ర 30 సెంటీమీటర్లకు మించలేదు.

ఇక నిజమైన కారణం. 2012లో ప్రహరీగోడ కట్టించేటప్పుడు, మానుకు రెండు అడుగుల దూరంలో పునాదికి కందకం తవ్వించాము. మోచేతి లావు వేళ్లు అడ్డువచ్చినవి. మేస్త్రీ అడిగితే నరకమన్నాము. చెట్టు వేళ్లు ఎంతో లోతుకు పోతవని అందరమూ అనుకొంటాము. వాస్తవానికి వేళ్లలో అధికభాగం పై మూడడుగుల మట్టిలోనే, కొమ్మల నీడను దాటి పక్కలకు వ్యాపిస్తవి. గాలికి చెట్టును నిలిపేవి అవే. ఒకవైపు పగ్గాలు కోసిన గుడారంవలె మా చెట్టు రెండేళ్లు నిలిచినది. తుపానులో అది ఆ కందకం వైపు నుంచే పెల్లగిలినది. అక్కడి వేళ్ల చివరలు నల్లబడి కుళ్లివున్నవి.

అప్పుడే మరొక తెలివితక్కువ పనీ చేశాము. చెట్టు గట్టిపడుతుందని కింది తొర్రను సిమెంటుతో పూడ్పించాము. ఒకప్పుడు చాలాచోట్ల ఇది మంచి వైద్యమనే నమ్మేవారు. సిమెంటు చెట్టుతోపాటు ఊగదు. లోపల తేమను పట్టివుంచి, చెట్టు కట్టుకొన్న అడ్డుగోడను రాస్తుంది. మేస్త్రీ నిచ్చెన పొట్టిదికాబట్టి పైడికంటెలు బ్రతికిపోయినవి. ఈ రెండు పనులనాటికి నేను వృక్షశాస్త్రంలో ఎం.ఎస్‌సి. పట్టా పుచ్చుకొని ఇంటికి వచ్చివున్నాను. మా నాన్నగారు నన్ను అడిగే చేయించారు.

తుపాను వెళ్లిన వారానికి పైడికంటెలు వీధి చివర పాత పెంకుటింటి గోడరంధ్రంలో కనిపించినవి. 2015 జనవరిలో రామచిలుకల జంట ఒకటి వచ్చి, కొమ్మవుండవలసిన ఎత్తున మూడు రోజులపాటు అరుస్తూ తిరిగి వెళ్లిపోయినది. ఆ యేడు వానలలో ఒక వేపమొక్క నాటాము. దానికిప్పుడు పదేళ్లు దాటినవి. ఉగాదికి పూస్తుంది, పండ్లకు పికిలిపిట్టలు వస్తవి. తొర్ర మాత్రం లేదు. చేవ ముదరాలి, కొమ్మ విరగాలి, కుళ్లు లోనికి పాకాలి. ఇది కొన్ని దశాబ్దాల పని. నేను చూడకపోవచ్చును.

ఈలోగా తాత్కాలికంగా ఒక చెక్కపెట్టెకు ఏడు సెంటీమీటర్ల రంధ్రం చేసి గోడకు ఎత్తున బిగించాము. గోరువంకలు వెంటనే ఆక్రమించినవి. కంసాలిపిట్టకు పెట్టె నచ్చదు, తానే తొలుచుకోవాలి. మెత్తని ఎండుకొమ్మ కావాలి. పెరళ్లలో అది ఎక్కువగా మునగను ఎంచుకొంటుంది. అందువలన మా విద్యార్థులు ఎండిన మునగకొమ్మను నరకనీయక అలాగే వుంచారు. ఫిబ్రవరిలో ఒక జంట ఆ కొమ్మ అడుగువైపు నుంచి తొలవటం ప్రారంభించినది. పొట్టు నేలమీద రాలుతుంటే పిల్లలు ప్రతిరోజూ సాయంత్రం దానిని ఊడ్చి తూచి, బరువు నోటుపుస్తకంలో వ్రాసుకొన్నారు.