మొర పెట్టడమూ నమ్మకమే: బైబిలు కీర్తనలలో రక్షణ ప్రార్థన

గోదావరి పొంగినప్పుడు భద్రాచలంలో అందరి చూపూ నీటిమట్టం మీదే ఉంటుంది. 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక. 1986లో అది 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. ఆ రోజులను చూసినవారికి బైబిలులోని 69వ కీర్తన పరాయిగా అనిపించదు. నీళ్లు మెడదాకా వచ్చాయని, కాలు నిలవక ఊబిలో దిగబడుతున్నానని, పిలిచి పిలిచి గొంతు ఎండిపోయిందని అందులోని భక్తుడు దేవునితో చెప్పుకుంటాడు. ఆ నీరు ఉపమానమే. అతణ్ణి ముంచుతున్నది నిష్కారణంగా పగబట్టిన మనుషులు.

ఇలాంటివాటిని విలాప కీర్తనలు అంటారు. 150 కీర్తనలలో సుమారు మూడోవంతు ఇవే. దేవుణ్ణి నమ్మడమంటే నోరెత్తకుండా ఓర్చుకోవడమని మీరు అనుకుంటూ ఉండవచ్చు. 13వ కీర్తన చదివితే ఆ అభిప్రాయం నిలవదు. అది చాలా చిన్నది. హీబ్రూ మూలంలో 'ఎంతకాలం' అనే ప్రశ్న మొదట్లోనే నాలుగుసార్లు వస్తుంది. ఆ తర్వాత, జవాబివ్వమన్న వేడుకోలు. చివర హఠాత్తుగా నమ్మకం, పాట. మధ్యలో ఏం జరిగిందో కీర్తన చెప్పదు. ఆలయంలో యాజకుడు అభయవాక్కు పలికి ఉంటాడని 1934లో యోకిం బెగ్రిక్ అనే జర్మన్ పండితుడు ప్రతిపాదించాడు. అది ఊహే అయినా ఒక సంగతి మాత్రం స్పష్టం: వింటాడన్న నమ్మకం లేనివాడు అన్నిసార్లు అడగడు.

ఈ ధోరణి మీకు తెలియనిది కాదు. నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, గోల్కొండ చెరలో రాముణ్ణి ఎలా నిలదీశాడో గుర్తుచేసుకోండి. చేయించిన నగల ఖర్చు ఏకరువు పెట్టాడు, నిష్ఠూరమాడాడు, తన మాట చెప్పమని సీతమ్మను బతిమాలాడు. పన్నెండేళ్ల చెర అన్నది సంప్రదాయ కథనం. (తానీషా ఏలింది 1672 నుంచి 1687 వరకే.) తెలుగులో రెంటికీ 'కీర్తన' అన్న పేరే ఉండటం కూడా గమనించదగ్గది. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ 1860ల తొలినాళ్ల నుంచి కోయల మధ్య పనిచేసింది. అంటే ఒకే నది ఒడ్డున ఈ రెండు ప్రార్థనా సంప్రదాయాలూ వినిపించాయి.

అయితే రెండూ ఒకటే అని రాయకండి. రామదాసుకు సీతమ్మ సిఫారసు ఉంది. విలాప కీర్తనలో భక్తుడు నేరుగా యెహోవాతోనే తేల్చుకుంటాడు. పాత మేళ్లను ఇద్దరూ గుర్తుచేస్తారు. రామదాసు గజేంద్రుణ్ణీ ప్రహ్లాదుణ్ణీ తలుస్తాడు. 77వ కీర్తన మాత్రం ఒక జాతి మొత్తం మోషే అహరోనుల వెంట సముద్రం దాటిన జ్ఞాపకాన్ని ముందు పెడుతుంది. అక్కడ ఒక్కడి ఆపద ప్రజలందరి చరిత్రతో ముడిపడుతుంది.

రక్షణ రాని ప్రార్థన కూడా ఈ గ్రంథంలో ఉంది. 88వ కీర్తనలో మలుపే లేదు. స్నేహితులు దూరమయ్యారన్న బాధతో, చీకటితో అది ముగుస్తుంది. కూర్చినవారు దాన్ని తీసివేయలేదు, చివర ఒక స్తుతివాక్యం అతికించనూ లేదు.

మీ అభ్యాసం: 13, 88 కీర్తనలను చదవండి. 88వ కీర్తన మొదటి వాక్యంలో దేవుణ్ణి ఏమని సంబోధించారో గుర్తించి, దాన్నిబట్టి అది నమ్మకంతో చేసిన ప్రార్థన అవునో కాదో పది వాక్యాలలో చర్చించండి.