ఉప్పుగాలిలో గిటార్ పెడల్

అక్కుపల్లి తీరంలో ఉప్పుగాలి కిటికీ ఊచలతో ఆగదు. గిటార్ ధ్వనిని రకరకాలుగా మార్చే మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌లోకీ దూరి, స్విచ్చులకూ జాక్‌లకూ చిలుము పట్టిస్తుంది. అలాంటి చోట నొక్కితే పలకని స్విచ్, తిప్పితే గరగరలాడే నాబ్ మామూలే.

అసలు ఇలాంటి లోపం నుంచే ఒక గిటార్ ఎఫెక్ట్ పుట్టింది. 1960లో అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుండగా, మిక్సింగ్ కన్సోల్‌లో లోపం వల్ల బేస్ గిటార్ గొంతు బొంగురుపోయింది. ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ఆ ధ్వనినే సర్క్యూట్‌గా మలిచాడు. 1962లో అది మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో బజారుకొచ్చింది.

ఇంట్లో రిపేరు చేయాలంటే ముందు అడాప్టర్ పీకాలి. చాలా పెడళ్లకు 9 వోల్టుల డీసీ కరెంటు కావాలి, ప్లగ్ నడిమధ్యన నెగెటివ్ ఉండాలి. పొరపాటున తిరగబడిన అడాప్టర్ పెడితే రక్షణ డయోడ్ మాడిపోవచ్చు; దాన్ని మారిస్తే పెడల్ మళ్లీ బతకొచ్చు.

అడుగు మూత విప్పాక నాబ్‌ల సందుల్లో కాంటాక్ట్ క్లీనర్ చుక్క వేసి, ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు గరగర తగ్గుతుంది. 6.35 మిల్లీమీటర్ల జాక్ దగ్గర టంకం పగిలితే సన్నగా బీట కనిపిస్తుంది. సోల్డరింగ్ ఐరన్‌తో మళ్లీ అతికించాలి.

మార్పుల సంగతి వేరు. అనలాగ్ పెడల్‌లో కెపాసిటర్ మారిస్తే ధ్వని మారుతుంది. మల్టీ ఎఫెక్ట్స్‌లో మాత్రం ధ్వని చాలావరకు చిప్‌లోని ప్రోగ్రామ్‌దే. అందుకే ఇక్కడ గట్టి స్విచ్చులు, కొత్త జాక్‌లు బిగించడం వరకే చేతిపని. కొన్ని పాత పెడళ్లలో మెమరీని కాపాడేది బిళ్ల బ్యాటరీ. దాన్ని తీసేముందు సెట్టింగులు కాగితం మీద రాసుకోవాలి.